మీ అమ్మ అలా అనదురా: విశాఖ మిత్రులు, టీవీ జోడీలు

కొడుకు రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చాడు. తల్లి తలుపు తీసింది. ఇదీ సీను. మొదటి డ్రాఫ్టులో తల్లి డైలాగు ఇలా ఉంటుంది: "ఇంత ఆలస్యమైందేంట్రా? ఎంతసేపటి నుంచి ఎదురుచూస్తున్నానో తెలుసా? అన్నం చల్లారిపోయింది." తప్పేమీ లేదు. ఏ సీరియల్లో చూసినా ఈ తల్లే కనిపిస్తుంది. కానీ రాసినవాడి పక్కన, విశాఖ కంచరపాలెంలో అతనితో కలిసి పెరిగిన మిత్రుడు కూర్చున్నాడనుకుందాం. ఆ మూడు వాక్యాలూ వినగానే అడ్డం తగులుతాడు. "మీ అమ్మ అలా అంటాదేటిరా? ఎప్పుడైనా అందా?" ఇద్దరూ కాసేపు నవ్వుకుంటారు. చివరికి కాగితం మీద మిగిలేది ఇది: "వచ్చినావా. కంచం అక్కడుంది." అంతే, తల్లి అటు తిరిగి పడుకుంటుంది.

మాటలు తగ్గాయి, కోపం పెరిగింది. నవ్వు కూడా అక్కడే పుట్టింది, ఎందుకంటే ఆ తల్లి ఇప్పుడు ఎవరో ఒకరి తల్లి. ఈ దిద్దుబాటు చేసినవాడికి స్క్రీన్‌ప్లే సూత్రాలు తెలియక్కర్లేదు. ఆ ఇంట్లో ఆ కంచంలో ఎన్నోసార్లు తిన్నాడు, ఆవిడ తిట్లు తానూ తిన్నాడు, అందుకే తెలుసు. చిన్ననాటి మిత్రులు టీవీ వినోదంలో కలిసి పనిచేస్తే దొరికే అసలు లాభం ఇదే. ఒకే జ్ఞాపకానికి ఇద్దరు సాక్షులుంటారు. ఒకడు కల్పించబోతే ఇంకొకడు పట్టుకుంటాడు.

రెండో లాభం వేగం. జీతానికి వచ్చిన రచయిత దర్శకుడితో "సీను బాగాలేదు" అనాలంటే ముందు రెండు పొగడ్తలు, ఒక దగ్గు, "చిన్న కరెక్షన్ సార్" అనే మాట కావాలి. ఇరవై ఏళ్ల మిత్రుడికి అర సెకను చాలు, మొహం పెట్టే తీరులోనే తెలిసిపోతుంది. తెలుగువాళ్లకు మొహమాటం పెద్ద జబ్బు. టీవీ రచనలో అది ఖరీదైన జబ్బు కూడా, ఎందుకంటే బాగాలేని సీను చెప్పేవాడు లేక షూటింగ్ దాకా వెళ్లిందంటే లైట్లు, సెట్టు, నటుల రోజు కూలీ అన్నీ దాని వెంటే వెళ్తాయి.

అయినా పెద్దలు స్నేహితులతో వ్యాపారం వద్దంటారు. "పొత్తుల మగడు పుచ్చి చచ్చెను" అని మొరటు సామెత ఒకటుంది. ఇద్దరిదీ అయినది ఎవరిదీ కాకుండా పోతుందని దాని భావం. ఈ భయం వట్టిదేమీ కాదు. కాకపోతే జోడీలు చెడే చోటు సాధారణంగా జనం అనుకునే చోట ఉండదు. అది తెలియాలంటే టీవీకి ఉన్న ఆకలి ఎంతో ముందు చూడాలి.

టీవీలో అరగంట అంటే అరగంట కాదు. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు ప్రకటనలు, చానల్ సొంత ప్రచారాలు కలిపి 12 నిమిషాలు దాటకూడదు. ఆ లెక్కన అరగంట స్లాటులో టైటిల్స్, రీక్యాప్ పోగా కథకు మిగిలేది సుమారు 22 నిమిషాలు. వారానికి ఒక్క ఎపిసోడే అయినా ఏడాదికి 52, అంటే 1,144 నిమిషాలు, 19 గంటలు. రెండుంపావు గంటల సినిమాలు ఎనిమిది తీసినంత పని. సోమవారం నుంచి శనివారం దాకా వచ్చే డైలీ సీరియల్ అయితే ఏడాదికి 312 ఎపిసోడ్‌లు, 114 గంటలు దాటుతుంది. వీధిలో ఆడిన క్రికెట్టు, కాలేజీ బస్సు, మొదటి ప్రేమలేఖ, మేనమామ స్కూటరు ఇవన్నీ కలిపినా మొదటి పది వారాలకు సరిపోతాయేమో. పదకొండో వారం నుంచి జ్ఞాపకాల గాదె ఖాళీ. అక్కడి నుంచి స్నేహం ఒక్కటే సరిపోదు, ఎవరు ఏ పని చేస్తారో తేలాలి.

తెలుగులో దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ బాపు, ముళ్లపూడి వెంకటరమణ. మద్రాసులో బడి రోజుల్లో కలిశారు. రమణ రాసిన కథ 1945లో 'బాల' పత్రికలో వస్తే దానికి బొమ్మ వేసింది బాపు. 1967లో మొదటి సినిమా తీశారు. టీవీకి వచ్చేసరికి ఈటీవీ కోసం 'శ్రీ భాగవతం' చేశారు. 2011 ఫిబ్రవరిలో రమణ పోయారు, ఆయన మాటలు రాసిన 'శ్రీరామరాజ్యం' అదే ఏడాది నవంబరులో విడుదలైంది. అంటే అరవై ఐదేళ్లకు పైగా కలిసి పనిచేశారన్నమాట. వాళ్ల అనుబంధం గురించి చాలా చెప్పుకుంటారు కానీ వాళ్ల పని పంపకం గురించి తక్కువ చెప్పుకుంటారు. మాట ఒకరిది, గీత ఇంకొకరిది. ఇద్దరూ మంచి రచయితలే అయ్యుంటే, లేదా ఇద్దరూ బొమ్మలే వేస్తుంటే, ఆ జోడీ అన్నేళ్లు నిలిచేదా అన్నది అనుమానమే. ఒకే పనిలో ఇద్దరు మొనగాళ్లుంటే రోజూ పోలిక వస్తుంది. వేర్వేరు పనుల్లో ఉంటే అవసరం వస్తుంది.

ఈ మధ్యకాలపు ఉదాహరణ మరీ దగ్గరిది. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్'లో సుడిగాలి సుధీర్, గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్ ముగ్గురూ ఒక జట్టుగా పేరు తెచ్చుకున్నారు. వీళ్లు బాల్యమిత్రులు కారు, స్నేహం రంగంలోకి వచ్చాక కుదిరింది. కానీ పంపకం చూడండి: పంచ్ రాసేది, విసిరేది రాంప్రసాద్. వేషం, గొంతు, నడక మార్చేది శ్రీను. జట్టుకు ముఖంగా నిలబడి అందరి వెటకారాలూ తన మీద వేయించుకునేది సుధీర్. శ్రీను పేరు ముందున్న మాటే అతని పనిని చెప్పేస్తుంది. ఆ షోలో జట్టుకు లీడర్ పేరే పెడతారు. మిగతావాళ్లు ఎంత మెరిసినా తెర మీద "ఫలానా టీమ్" అనే కనిపిస్తుంది. ఇలాంటి ఏర్పాటులో ముగ్గురు స్నేహంగా ఉండటం చిన్న విషయమేమీ కాదు. అసలు జోడీలు విడిపోయేటప్పుడు డబ్బు కంటే ముందు వచ్చే తగాదా ఇదే: టైటిల్ కార్డులో ఎవరి పేరు ముందు?

తెర మీది స్నేహానికి, తెర వెనక స్నేహానికి తేడా తెలియాలంటే 'అమృతం' చూడాలి. 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినీలో వారం వారం వచ్చి 313 ఎపిసోడ్‌లు నడిచిన ఈ సీరియల్‌కు గుండెకాయ అమృతరావు, ఆంజనేయులు అనే ఇద్దరు మిత్రులు. ఇద్దరూ కలిసి హోటలు పెట్టి నానా తంటాలు పడతారు. అమృతరావు పాత్రను మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ వేశారు. ఆంజనేయులు మాత్రం ఆసాంతం గుండు హనుమంతరావే. ప్రేక్షకులు అలిగి మానేయలేదు. 2020లో 'అమృతం ద్వితీయం' వచ్చేసరికి హనుమంతరావు లేరు, ఆంజనేయులుగా ఎల్బీ శ్రీరామ్ వచ్చారు. అంటే జనం అలవాటుపడింది ఆ ఇద్దరి మధ్య నడిచే తంతుకు. అందులోని మనిషిని మార్చినా తంతు మిగిలింది. నిర్మాతకు ఇది శుభవార్త, నటులకు కాదు. నిజజీవితంలో ఇద్దరు మిత్రులు తమ స్నేహాన్నే కార్యక్రమంగా మలిచి చానల్‌కు ఇచ్చేస్తే, రేపు వాళ్లలో ఒకరిని తీసి ఇంకొకరిని పెట్టే హక్కు ఎవరిది? ఈ ప్రశ్న ఎపిసోడ్ హిట్టయ్యాకే గుర్తొస్తుంది. అప్పటికి అడిగి లాభం ఉండదు.

ఇక విశాఖపట్నం సంగతి.

టీవీ జోడీ పుట్టడానికి ఈ ఊరు మంచి నేల. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అందులో రంగస్థల శాఖ, 1963 నుంచి ఆకాశవాణి కేంద్రం, సిరిపురం చుట్టుపక్కల ఆడిటోరియంలు, పోర్టు, షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు కాలనీల్లో ఉద్యోగుల నాటకాలు. టౌన్‌షిప్పుల్లో పెరిగిన పిల్లలకు ఒక వసతి ఉంది: తండ్రులు ఒకే చోట పనిచేస్తారు, ఒకే రకం క్వార్టర్లు, ఒకే బడి, ఒకే బస్సు. చాలా ఏళ్లు ఎవరూ ఊరు మారరు. పన్నెండేళ్లు ఒకే బెంచీ మీద కూర్చునే స్నేహాలు ఇలాంటి చోట్ల సులువుగా కుదురుతాయి. పైగా పక్క క్వార్టర్లో ఒడియా కుటుంబం, ఎదురింట్లో తమిళులు, పై అంతస్తులో నేవీ నుంచి రిటైరైన పంజాబీ ఉంటారు కాబట్టి యాసలు పట్టడం చిన్నప్పుడే వచ్చేస్తుంది. మిమిక్రీకి ఇంతకంటే మంచి బడి ఏముంటుంది.

యాస అంటే అసలు విషయం ఇక్కడుంది. ఉత్తరాంధ్ర మాట తెలుగు టీవీలో చాలాకాలం పనివాళ్ల మాట. "ఏటి బాబూ", "ఎల్లొస్తాను" అని రెండు ముక్కలు అనిపిస్తే చాలు, నవ్వొస్తుందని లెక్క. ఆ ప్రాంతంలో పెరిగినవాళ్లకు అది ఒక యాస కాదు. శ్రీకాకుళం వైపు వేరు, విజయనగరం వేరు, అనకాపల్లి వేరు. విశాఖ సిటీలో మూడో తరం మాట్లాడేది మళ్లీ వేరు, ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఇంకొకటి. మనిషి కోపంలో ఉన్నప్పుడు ఇంటి మాట బయటికొస్తుంది, కోపం తగ్గాక ఆఫీసు మాటకు వెళ్లిపోతాడు. హాస్యం ఆ మారే క్షణంలో ఉంటుంది. ఈ సంగతి ఒక్కడికే తెలిస్తే సెట్టులో అతని మాట నెగ్గదు. "జనానికి అర్థం కాదు, మామూలు తెలుగు పెట్టెయ్" అంటారు. ఇద్దరికి తెలిస్తే నెగ్గే అవకాశం ఉంటుంది, ఎందుకంటే ఒకడు రాసి ఇంకొకడు అక్కడికక్కడే ఆడి చూపిస్తాడు. నవ్వు వచ్చిందంటే వాదన అక్కడితో అయిపోతుంది. విజయనగరంలో కూర్చుని గురజాడ జనం నోటి మాటతో నాటకం రాసి నూరేళ్లు ఎప్పుడో దాటింది. టీవీ మాత్రం ఆ పాఠం ఇంకా సగమే చదివింది.

పరాయి దేశంలో దీనికి ఒక విచిత్రమైన పోలిక దొరుకుతుంది. ఇంగ్లండు ఈశాన్య మూలన న్యూకాజిల్ అనే ఊరుంది. ఒకప్పటి బొగ్గు, ఓడల నిర్మాణం, నది ఒడ్డున క్రేన్లు, రాజధానివాళ్లు నవ్వుకునే యాస. అక్కడి మాటను జోర్డీ అంటారు. యాంట్ మెక్‌పార్ట్‌లిన్, డెక్లన్ డానెలీ ఇద్దరూ ఆ ఊరివాళ్లే, 1975లో పుట్టారు. బీబీసీ పిల్లల సీరియల్ 'బైకర్ గ్రోవ్'లో నటిస్తూ, ఇంకా పదిహేనేళ్లు నిండకముందే స్నేహితులయ్యారు. ఆ పాత్రల పేర్లతోనే పాటలు పాడారు, తర్వాత పిల్లల శనివారం షో, ఆ తర్వాత బ్రిటన్‌లో పెద్ద వినోద కార్యక్రమాలు కొన్ని వాళ్ల చేతిలోకొచ్చాయి. అక్కడి నేషనల్ టెలివిజన్ అవార్డుల్లో ఉత్తమ వ్యాఖ్యాతల బహుమతిని 2001 నుంచి ఇరవై ఏళ్లకు పైగా వరసగా వాళ్లే గెలిచారు. యాస మార్చుకోలేదు.

ఇందులో విశాఖ కుర్రాళ్లు గమనించాల్సింది అవార్డులు కాదు, నిలబడే చోటు. తెర మీద యాంట్ ఎప్పుడూ ఎడమ పక్క, డెక్ కుడి పక్క. చూసేవాళ్లకు ఎవరు ఎవరో తెలియడానికి మొదలైన అలవాటు స్థిరపడిపోయింది. వినడానికి చిల్లర విషయంలా ఉంటుంది. కానీ రోజూ కెమెరా ముందుకెళ్లే ఇద్దరి మధ్య "ఈరోజు ఎవరు ఎక్కడ" అనే ప్రశ్న ఒకటి శాశ్వతంగా తగ్గిపోయింది. ఇలాంటివి పది తగ్గితే తగాదాకు తావు తగ్గుతుంది. 2018లో యాంట్ కొన్నాళ్లు పనికి దూరంగా ఉండాల్సి వచ్చినప్పుడు డెక్ ఒక షోలో మిగిలిన రెండు ఎపిసోడ్‌లు ఒంటరిగా నడిపాడు, మరో షోను ఇంకొక వ్యాఖ్యాతతో చేశాడు. మరుసటి ఏడాది మిత్రుడు తిరిగొచ్చాడు. వాళ్ల చోటు వాళ్లకు అలాగే ఉంది. ఒకరు పడిపోతే రెండోవాడు ఏం చెయ్యాలన్నది జోడీలు ముందు మాట్లాడుకోని ప్రశ్నల్లో మొదటిది. మాట్లాడితే అపశకునం అనుకుంటారు.

న్యూకాజిల్‌తో పోలిక ఒక చోట ఆగిపోతుంది. అక్కడ ఊళ్లోనే తీసిన సీరియల్‌లో ఆ ఇద్దరికీ మొదటి పని దొరికింది. విశాఖలో ఆ మొదటి మెట్టు ఉండీ లేనట్టుంటుంది. ఈ ఊరికి కెమెరా కొత్తేం కాదు. 1978లో 'మరో చరిత్ర' ఇక్కడి తీరం మీదే నడిచింది, జంధ్యాల తన సినిమాలకు ఈ ఊరిని మళ్లీ మళ్లీ వాడుకున్నారు, భీమిలి రోడ్డులో కొండ మీద రామానాయుడు స్టూడియో ఉంది. కానీ లొకేషన్ వేరు, పరిశ్రమ వేరు. యూనిట్ వస్తుంది, బీచ్‌లో నాలుగు రోజులు తీస్తుంది, మురీ మిక్చర్ తింటుంది, వెళ్లిపోతుంది. ఎడిటింగ్, డబ్బింగ్, చానల్ ప్రోగ్రామింగ్ ఆఫీసు, స్పాన్సర్‌తో మీటింగ్ అన్నీ హైదరాబాద్‌లోనే.

చరిత్రలో ఒక చమత్కారం కూడా ఉంది. 'ఈనాడు' పత్రిక పుట్టింది విశాఖపట్నంలో, 1974 ఆగస్టు 10న. అదే సంస్థ 1995 ఆగస్టులో ఈటీవీ పెట్టేసరికి కేంద్రం హైదరాబాద్. అప్పటికే 1977 నుంచి దూరదర్శన్ అక్కడుంది, సినిమా మద్రాసు నుంచి అక్కడికి చేరింది, సాంకేతిక నిపుణులంతా అక్కడే. పత్రికకు ఊరూరా ఎడిషన్ కావాలి, అది ఊళ్లకు వచ్చింది. టీవీకి ఒక్క స్టూడియో చాలు, అది ఊళ్లకు రాలేదు. వార్తలకైతే విశాఖలో రిపోర్టరు, కెమెరామన్ ఉంటారు. నవ్వుకు మాత్రం రైలెక్కాలి.

ఆ రైలు గోదావరి ఎక్స్‌ప్రెస్. అదీ 1974లోనే, ఫిబ్రవరిలో, వాల్తేరు (విశాఖ) నుంచి మొదలైంది. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. 700 కిలోమీటర్లు దాటిన దూరం. విశాఖ మిత్రుల జోడీకి నిజమైన పరీక్ష ఈ రైలు దగ్గరే వస్తుంది. ఎందుకంటే తరచూ ఒకరే ఎక్కగలరు. ఒకరికి పోర్టులోనో ఫార్మా కంపెనీలోనో ఉద్యోగం ఉంటుంది, ఇంటికి పెద్దకొడుకై ఉంటాడు, పెళ్లై ఉంటుంది. రెండోవాడికి పోగొట్టుకోడానికి ఏమీ ఉండదు, హైదరాబాద్ కృష్ణానగర్‌లో నలుగురితో రూము పంచుకోడానికి సిద్ధంగా ఉంటాడు. వెళ్లేవాడు "నేను ముందెళ్లి సెట్టవుతాను, తర్వాత నువ్వొచ్చెయ్" అంటాడు. మనస్ఫూర్తిగానే అంటాడు.

ఆ తర్వాత జరిగేది ఎవరి తప్పూ కాదు, కానీ దాదాపు ఒకే దారిలో జరుగుతుంది. మొదటి నెలల్లో రోజూ ఫోన్లు. వెళ్లినవాడు వాయిస్ మెసేజ్‌లో సీను చెప్తాడు, ఊళ్లో ఉన్నవాడు రాత్రి డ్యూటీ దిగాక రాసి పంపుతాడు. సెట్టులో మాటలు మారతాయి, ఎందుకు మారాయో ఉన్నవాడికి తెలియదు. టీవీలో చూసి తెలుసుకుంటాడు. వెళ్లినవాడికి కొత్త మిత్రులు, అక్కడి భాష, అక్కడి జోకులు. ఏడాది తిరిగేసరికి ఉన్నవాడు "రచనా సహకారం" అనే వరసలో, ఎపిసోడ్ చివర పరుగెత్తే అక్షరాల్లో ఉంటాడు, కొన్నిసార్లు అక్కడా ఉండడు. డబ్బు ఇంకా సమస్య కాలేదు. సమస్య ఏంటంటే, "మీ అమ్మ అలా అనదురా" అని ముఖం మీద చెప్పే అవకాశం పోయింది. వాయిస్ మెసేజ్‌లో ఆ మాట వేరేలా వినిపిస్తుంది, తప్పుపట్టినట్టు ఉంటుంది. జోడీకి ఉన్న అసలు బలం అదే కాబట్టి, అది పోయాక మిగిలింది ఇద్దరు మామూలు రచయితలే.

యూట్యూబ్ వచ్చాక ఈ రైలు కొంత ఆలస్యంగా ఎక్కొచ్చు. విశాఖకు చెందిన హర్ష చెముడు 2013లో ఇంజనీరింగ్ వైవా మీద చేసిన చిన్న వీడియోతో వైవా హర్షగా మిగిలిపోయాడు. ఇదే ఊరి షణ్ముఖ్ జస్వంత్ వెబ్ సిరీస్‌లతో చాలామంది టీవీ సీరియల్ నటులకు లేనంత మంది అభిమానుల్ని సంపాదించాడు. చేతిలో ఒక కెమెరా, ల్యాప్‌టాప్‌లో ఎడిటింగ్, లొకేషన్‌గా తెన్నేటి పార్కు, నటులుగా క్లాస్‌మేట్లు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ దశలో జోడీ ఊళ్లోనే కలిసి ఉండి, ఒకరినొకరు దిద్దుకుంటూ వంద తప్పులు చేయొచ్చు. ఇదివరకటి తరానికి లేని అదృష్టం అది. వీడియో పేలాక హైదరాబాద్ పిలుపు ఎలాగూ వస్తుంది. అప్పుడు పిలిచేది కెమెరాకు కనిపించినవాణ్ణి, కనిపించనివాణ్ణి కాదు. కాబట్టి పాత సమస్య పోలేదు, ఐదేళ్లు వాయిదా పడింది.

డబ్బు, హక్కుల విషయంలో విశాఖైనా హైదరాబాదైనా ఒకటే. చానళ్లతో పని రెండు పద్ధతుల్లో నడుస్తుంది. మొదటిది కమిషన్డ్: చానల్ ఎపిసోడ్‌కు ఇంత అని ఇస్తుంది, కార్యక్రమం మొత్తం చానల్ సొంతం. నష్టభయం తక్కువ, హక్కులు సున్నా. రెండోది స్లాటు పద్ధతి: నిర్మాత చానల్‌కు సమయం అద్దె కట్టి, ప్రకటనలు తానే అమ్ముకుంటాడు, కార్యక్రమం తన దగ్గర ఉంచుకుంటాడు. జెమినీలో చాలాకాలం ఈ పద్ధతి నడిచింది. అక్కడ మొదలైన 'అమృతం'కు కొనసాగింపు ఏళ్ల తర్వాత జీ5 ఓటీటీలో రావడం, పాత ఎపిసోడ్‌లు యూట్యూబ్‌లో కొత్త తరాన్ని నవ్వించడం హక్కులు నిర్మాత చేతిలో ఉండబట్టే. చేతిలో పైసా లేని ఇద్దరు మిత్రులకు స్లాటు కొనే స్తోమత ఉండదు కాబట్టి మొదటి పద్ధతే గతి. అందులో తప్పు లేదు. ఏం ఇచ్చేస్తున్నారో చదివి ఇస్తే చాలు.

ఇక్కడ చట్టం మిత్రులకు కొంత సాయం చేస్తుంది, తెలిస్తే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఐడియాకు రక్షణ లేదు, రాసిన రూపానికే ఉంది. 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో ఇదే ఖాయం చేసింది. బీచ్‌లో కూర్చుని ఒక చానల్ మనిషికి కథ నోటితో చెప్పి వస్తే అది గాలికి పోయినట్టే. కాగితం మీద పెట్టి, తేదీతో మెయిల్ చేసి, రచయితల సంఘంలో రిజిస్టర్ చేయిస్తే అప్పుడు వస్తువు. హక్కులు రాసిచ్చేటప్పుడు ఎంతకాలానికో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా తీసుకుంటుంది, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేలా లేకుంటే, ఆ హక్కు వెనక్కి వచ్చేస్తుంది. అందుకే తయారు ఒప్పందాల్లో "శాశ్వతంగా, విశ్వమంతటా" అనే మాటలు కనిపిస్తాయి. విశ్వమంతటా అనేది హాస్యానికి రాసింది కాదు, నిజంగానే రాస్తారు.

మిత్రుల మధ్య లెక్క ఇంకో సంగతి. "తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే" అని పేకాట బల్ల దగ్గర అనేవాళ్లు కూడా సొంత మిత్రుడితో కాగితం రాసుకోడానికి సిగ్గుపడతారు. రాసుకోకపోయినా లెక్క ఉండకపోదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం, ఒప్పందమేదీ లేకపోతే లాభనష్టాలు సమానమంటుంది. రోజుకు పద్నాలుగు గంటలు సెట్టులో నిలబడ్డవాడికీ, వారానికి రెండు సీన్లు పంపినవాడికీ అదే సగం. కొందరికి అది న్యాయం, ఎందుకంటే ఆ రెండు సీన్లే షోను నిలబెట్టి ఉండొచ్చు. కొందరికి అన్యాయం. ఏదైనా మొదటి చెక్కు రాకముందు తేలాల్సిన మాట. ఒక ఆరు నెలలకు పనికొచ్చే ఒక పేజీ కాగితం చాలు: ఎవరు ఏం చేస్తారు, వచ్చినదాంట్లో ఎవరికెంత, పేరు ఏ వరసలో వస్తుంది, జోడీ పేరు విడిపోయాక ఎవరు వాడుకోవచ్చు, చివరి మాట ఎవరిది. చివరి మాట రాతలో ఒకరిది, తీతలో ఇంకొకరిది అయితే ఇంకా మంచిది. ఆరు నెలలకు చింపేసి మళ్లీ రాసుకోవచ్చు. శాశ్వత ఒప్పందమంటే భయపడేవాళ్లు కూడా దీనికి సంతకం పెడతారు.

ఈ వ్యాసంలో ఇప్పటిదాకా వచ్చిన జోడీలన్నీ మగవాళ్లవే. అది యాదృచ్ఛికం కాదు. బడిలో, కాలేజీ స్టేజీ మీద అమ్మాయిల జట్లు ఏమాత్రం తక్కువ కాదు, విశాఖ కాలేజీల స్కిట్లు చూసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు. కానీ పైన చెప్పిన బతుకంతా, అంటే నలుగురితో రూము, రాత్రి రెండింటికి ప్యాకప్, "ముందు నేనెళ్తా, తర్వాత నువ్వు" అనే జూదం, అమ్మాయిల ఇళ్లలో చర్చకే రాదు. ఇద్దరిలో ఒకరికి పెళ్లి కుదిరిన రోజున జట్టు మూసుకుపోతుంది. తెలుగు టీవీలో ఆడవాళ్లు యాంకర్లుగా బోలెడుమంది ఉన్నారు. విశాఖ నుంచి వెళ్లిన రష్మీ గౌతమ్ పేరు తెలియనివాళ్లు లేరు. ఇద్దరు ఆడ స్నేహితులు కలిసి రాసి, కలిసి తీసి, తమ పేరు మీద నడిపిన హాస్య కార్యక్రమం చెప్పమంటే మాత్రం వెతుక్కోవాలి. తల్లి కంచం చూపించే సీను వాళ్లు రాస్తే కంచం పక్కన ఇంకేదో ఉండేది. అది ఏంటో మనకు ఇంకా తెలియదు.

ఆ సీనుకే వస్తే, "వచ్చినావా. కంచం అక్కడుంది" అన్నది ఎవరు రాశారు? మొదటి డ్రాఫ్టు ఒకరిది, కొట్టేసింది ఇంకొకరు, మిగిలిన రెండు ముక్కలు ఎవరి నోట ముందొచ్చాయో ఇద్దరికీ గుర్తుండదు. చట్టంలో దీనికి చోటుంది. ఇద్దరి భాగాలు విడదీయలేనంతగా కలిసిపోయిన రచనను ఉమ్మడి రచన అంటారు. హక్కులు ఎవరికీ రాసివ్వకుండా దగ్గర పెట్టుకుంటే అవి ఇద్దరివీ. కాపీరైటు రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది. ఉమ్మడి రచన అయితే ఆ 60 ఏళ్లు లెక్కపెట్టేది ఇద్దరిలో చివర పోయినవాడి నుంచి. అంటే ఒకడు ముందు పోయినా, రెండోవాడు బతికిన ప్రతి ఏడాదీ పోయినవాడి పిల్లల వాటాకు ఒక ఏడాది కలుస్తుంది.